ఎర్ర కారు వెనక

సెలూన్లో కుర్చీ ఒక్కటే. ఎక్కినవాడు దిగితేనే తర్వాతివాడికి దారి. ఆ పొద్దున బావగారు దాని మీదెక్కి చాలాసేపైంది. ఒక చెంప నున్నగా తేలింది, రెండో చెంప మీద నురగ ఎండి పెచ్చులు కట్టింది. గోడకానించిన బెంచీ నిండా మనుషులు, గుమ్మంలో ఇంకో ఇద్దరు కాలు మార్చి కాలు మీద నిలబడ్డారు. బెంచీ మొదట్లో, అంటే బావగారి తర్వాత వంతున్నవాడు, ఒక లారీ డ్రైవరు. మొహం మీద తువ్వాలు కప్పుకుని వెనక్కి వాలిపోయాడు. వీళ్లంతా తన మాటలు వినడానికే వచ్చారని బావగారి నమ్మకం.

సెలూన్ నడిపేవాడిని వీధంతా తమ్ముడు అనే పిలుస్తుంది. వాళ్లక్క మేడ మీది కిటికీలోంచి "ఒరేయ్ తమ్ముడూ" అని రోజూ కేకేసి అందరికీ అదే అలవాటు చేసింది. ఆ అక్క మొగుడే ఈ బావగారు. కొట్టు తెరిచిన రోజున ఈ తిరిగే కుర్చీ కొనిచ్చింది ఆయనే. ఆ సంగతి తమ్ముడు మరిచిపోలేదు, మరిచిపోదామన్నా బావగారు మరవనివ్వలేదు. అందుకే ఇన్నేళ్లలో తమ్ముడు ఆయన మాటకి ఎదురు చెప్పిన పాపాన పోలేదు.

ఇప్పుడేమో చెప్పక తప్పని పని పీకల మీదికొచ్చింది. ఎల్లుండి పొద్దున పదింటికి, కొండల అవతలి ఊళ్లో తమ్ముడి కూతురి పెళ్లి. పెళ్లికొడుకు తండ్రి స్టేషన్ మాస్టరుగా చేసినవాడు, వేళ దాటితే సొంత తల్లినైనా ప్లాట్‌ఫారం మీదే వదిలేసే రకం. మాటలనుకున్న రోజు ఆయన అడిగింది ఒక్కటే, "మీరేమీ పెట్టక్కర్లేదు, వేళకి రండి చాలు" అని. చుట్టాలకి బస్సు మాట్లాడటం కూడా అయింది. ఈలోగా బావగారు తేల్చేశారు. పెళ్లికూతురు తన ఎర్ర కారులో ముందు, బస్సు వెనక. "కొండదారి నాకు కొట్టినపిండిరా, నేను ముందుంటే మీకు దిగులెందుకు?" అన్నారు. మేడ మీంచి అక్క "మీ బావ మనసు కష్టపెట్టకురా" అంది. మాటలు కోటలు దాటేవాళ్ల కాళ్లు గడప దాటవని సామెత. అలాంటి మనిషి చేతిలో కూతురిని పెట్టి కొండ దాటించడమెలాగా అని తమ్ముడికి అన్నం సయించడం మానేసింది.

కిందటి నెల బావగారు ఒంటరిగా ఆ దారిన వెళ్లొచ్చారు. ఎలా వెళ్లొచ్చారన్నదే ఇప్పుడు కుర్చీలో నడుస్తున్న కథ.

"మామూలుగానే బయల్దేరానయ్యా, గొప్పేం లేదు. ఒక ఫ్లాస్కు కాఫీ, ఒక దిండు, అంతే సరంజామా. ఊరు దాటగానే ఆ ఎర్రమట్టి గండ్లు తగిలాయి, చెట్టూ చేమా లేదు, వానలు కోసి పారేసిన నేల, ఎటు చూడు గోతులూ గుట్టలూ, ఇంకొకడైతే అక్కడే బండి తిప్పుకుని పెళ్లాం కొంగు పట్టుకునేవాడు, నేను మాత్రం మెల్లగా, మనకి తొందరేముంది, అలా పోతుంటే గాలి లేచింది, ముందు అద్దం మీద అరచెయ్యి మందాన దుమ్ము, చూపు ఆనదు. అప్పుడేం చేశానో తెలుసా?"

"వైపరు వేసుంటారు," అన్నాడు పక్క కొట్టు టైలరు. ఆయనకి గడ్డం పని లేదు, కథ కోసమే మెషీను ఆపి వచ్చాడు.

"వైపర్లు పసివాళ్లు వేస్తారు. నేను కళ్లు మూసుకున్నాను. కనపడనప్పుడు తెరిచి ఉంచి ఏం లాభం చెప్పు? వాసన పట్టుకుని నడిపాను. తారు వాసన వేరు, మట్టి వాసన వేరు, గొయ్యి వాసన ఇంకా వేరు."

"గోతికి వాసనుంటుందా బావగారూ?"

"నీకు జలుబు, నీకేం తెలుస్తుంది?"

"బావా, కాస్త కదలకండి," అని తమ్ముడు కత్తి దగ్గరికి తెచ్చాడు. ఆయన తల తిప్పారు. తమ్ముడు కత్తి వెనక్కి తీశాడు. పొద్దుట్నుంచీ ఇదే వరస.

"ఇక కొండ. ఎంత నిటారంటే, కారు గోడకి చేరేసిన నిచ్చెనలాగా నిలబడింది. నేను సీట్లో కూర్చోలేదయ్యా, పడుకున్నాను. దిండు తెచ్చింది అందుకే మరి, నాకు ముందుచూపు ఎక్కువ. ఫ్లాస్కు మూత తీస్తే కాఫీ కప్పులో పడలేదు, వెనక సీట్లో పడింది. ఒక మలుపులో చిరుతపులి, ఇంతలేసి కోరలు, బానెట్టు వెచ్చగా ఉందని ఎక్కి పడుకుంది. నేనేమన్నా అన్నానా? అనలేదు. పైదాకా మోశాను. దిగేటప్పుడు తలూపి పోయింది, మర్యాద తెలిసిన జంతువు. ఆ పైన మబ్బులో దూరాను, మబ్బు కాస్తా వెనక బంపరుకి చిక్కుకుంది, వదలదు, దాన్ని ఈడ్చుకుంటూనే అవతలికి దిగాను. కొండ కిందిపల్లెల్లో ఆ రోజు వాన పడిందని పేపర్లో చదివారా? ఆ వాన నాదే."

"నీళ్ల పన్ను వసూలు చేసుకోవాల్సింది," అని గుమ్మంలోంచి ఎవరో అన్నారు. బావగారు నవ్వులన్నిటినీ తన ఖాతాలోనే వేసుకున్నారు.

"అసలుది వినండి. కొండ మొదట్లోనే వెనకాల హారను వినపడింది. అద్దంలో చూద్దును కదా, ఒక లారీ. దాటడు. వినయంగా నా వెనకే వస్తున్నాడు. వాడి వెనక ఇంకో లారీ, దాని వెనక బస్సు, జీపు, పాల వ్యాను, చివరికి ఫైరింజను! ఒక్కడంటే ఒక్కడు నన్ను దాటే సాహసం చెయ్యలేదు. అందరూ హారన్లే! కొండంతా మారుమోగిపోయింది. నేను కూడా ఊరుకోలేదు, చెయ్యి బయటపెట్టి ఇలా ఊపాను." గుడ్డ కిందినుంచి చెయ్యి పైకి లేచింది. నురగ పెచ్చులు అద్దం మీద పడ్డాయి. "జనం బస్సుల్లో కూర్చోలేకపోయారు. దిగి నడిచొచ్చి కిటికీ దగ్గర చేతులు జోడించారు. కట్టెలమోపు నెత్తినెట్టుకున్న ఒక ముసలమ్మైతే నాకు దారి చూపిస్తూ కారు ముందే నడిచింది."

"మోపుతో, కారుకంటే ముందా?" అన్నాడు టైలరు.

"పెద్దావిడ. గౌరవం కొద్దీ నేనే దాటలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ దిగాక దారి దాని చుట్టూ తిరుగుతుంది. నా వెనక ఊరేగింపు పెరిగీ పెరిగీ కొండకి మొలతాడులాగా చుట్టుకుంది. మలుపు తిరిగి చూస్తే నా ముందొక బండి! నన్ను దాటినవాడెవడ్రా అని పరీక్షగా చూశాను. ఎవడో కాదు, నా ఊరేగింపులో ఆఖరివాడు! నా వెనకున్నవాడే నా ముందున్నాడు! అలా ఎల్లుండి మన బస్సు కూడా నా వెనక..."

తమ్ముడి చేతిలో కత్తి ఆగిపోయింది. అంతదాకా నవ్వొచ్చింది గానీ ఆ 'ఎల్లుండి' అనేసరికి నవ్వు రాలేదు.

అప్పుడు లారీ డ్రైవరు మొహం మీది తువ్వాలు తీశాడు.

"పెద్దాయనా, ఆ కారు వెనక అద్దానికి పచ్చ దిండు ఆనించి ఉంటుందా?"

"ఉంటుంది!"

"ఎడమ ఇండికేటరు ఆరకుండా కొట్టుకుంటూ ఉంటుందా?"

"ఉంటుంది! చూశారా, సాక్ష్యం తనంతట తనే నడిచొచ్చింది! నువ్వెక్కడ చూశావయ్యా?"

"మీ వెనక మొదటి లారీ నాదే."

బావగారు కుర్చీలోనే గిర్రున తిరిగారు. "విన్నారా! ఎంత బాగా కొట్టావయ్యా హారను!"

"చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాను, సైడివ్వమని. మీరేమో మంత్రిగారిలాగా చెయ్యూపారు. ఇండికేటరు చూసి, ఇప్పుడు ఎడమకి తిరుగుతారు, ఇప్పుడు తిరుగుతారు అని ప్రతి మలుపులో ఆశపడ్డాను. ఎడమవైపు ఉన్నది లోయ. చేతులు జోడించినవాడు మా క్లీనరు. దణ్ణం పెడతాను, పక్కకి తియ్యండి అన్నాడు. మీరు చల్లగా ఉండమని దీవించి పంపారు. ఆ ముసలమ్మ దారి చూపించలేదు పెద్దాయనా, మిమ్మల్ని దాటిపోయింది. మేం కొండ దిగేసరికి ఆ కట్టెలు పొయ్యిలో పెట్టి మాకు వంట కూడా చేసింది." కాస్త ఆగి, "గుడ్ల లోడుతో కొండెక్కాను. కోడిపిల్లల లోడుతో దిగాను," అన్నాడు.

బెంచీ అంతా ఒక్కసారి ఘొల్లుమంది. టైలరు గుమ్మం పట్టుకుని కూలబడ్డాడు.

బావగారు చెక్కు చెదరలేదు. "అయితే నాకు థాంక్సు చెప్పాలయ్యా నువ్వు. గుడ్డుకంటే పిల్లకి ధరెక్కువ!"

లారీ డ్రైవరు మాత్రం నవ్వలేదు. "ఇవాళ కూడా మీ తర్వాత వంతు నాదే. ఆ రోజు రోడ్డు మీద మీ వెనక, ఇవాళ బెంచీ మీద మీ వెనక. అప్పుడు కనీసం హారనుండేది."

తమ్ముడు అద్దంలోకి చూశాడు. బెంచీ మీద వరసగా విసిగిపోయిన మొహాలు. చూస్తుండగానే ఆ మొహాలన్నీ బస్సులో కూర్చున్న చుట్టాలవైపోయాయి. ముందు ఎర్ర కారులో కూతురు, అవతల గుమ్మంలో గడియారం చూసుకుంటున్న స్టేషన్ మాస్టరు. భయమేసింది. కుర్చీ గుర్తొచ్చి మొహమాటమూ వేసింది. కానీ కుర్చీ ఋణం నాది, నా బిడ్డది కాదు కదా అనుకున్నాడు. అనుకోగానే గుండె గట్టిపడింది. కత్తి తుడిచి పక్కన పెట్టాడు. బావగారి మెడ చుట్టూ కట్టిన గుడ్డ విప్పాడు.

"బావా, సైడివ్వండి."

"ఏంటీ?"

"కుర్చీ దిగండి. వెనక మనుషులున్నారు."

"సగం గడ్డంతోనా?"

"వీళ్లందరిదీ అయ్యాక ఆ సగం చేస్తాను. ఎల్లుండి కూడా అంతే బావా. పిల్ల బస్సులో నా పక్కన కూర్చుంటుంది. బస్సు ముందు, మీ కారు వెనక."

"నేను వెనకా?" బావగారు లేచి నిలబడ్డారు. "బస్సు ముందెళ్లిపోతే నేను పెళ్లికెలా అందుకుంటానురా!"

మాట నోరు జారాక గానీ ఏమన్నారో ఆయనకే తెలియలేదు.

"ఇప్పుడే బయల్దేరండి బావగారూ," అన్నాడు టైలరు, "మనవడు పాకేలోపు చేరుకుంటారు."

ఆ నవ్వుల మధ్యలో మేడ మీది కిటికీ తెరుచుకుంది. "ఒరేయ్ తమ్ముడూ!" అంది అక్క.

తమ్ముడు బిక్కచచ్చిపోయాడు. "ఏంటక్కా?"

"నాకూ బస్సులోనే ఒక సీటుంచు."

బావగారు కిటికీ వైపు చూశారు, అద్దం వైపు చూశారు, ఇక చూడటానికేం మిగల్లేదు. ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లగా నడుచుకుంటూ బెంచీ చివరికి వెళ్లి కూర్చున్నారు. తమ్ముడికి జాలేసింది. అయినా పిలవలేదు. లారీ డ్రైవరు కుర్చీ ఎక్కి కాళ్లు చాపుకున్నాడు. తమ్ముడు గుడ్డ దులిపి కట్టాడు, బ్రష్షు తడిపాడు, తీరుబడిగా నురగ పట్టించడం మొదలుపెట్టాడు.

బెంచీ చివర ముందు గొణుగుడు వినపడింది. కాసేపటికి కాలు కదపడం, ఆ తర్వాత దగ్గడం. చివరికి ఆగలేక బావగారు అరిచారు.

"ఒరేయ్ బావమరిదీ, ఏంట్రా ఆ నత్తనడక? తొందరగా కానివ్వు, వెనక మనిషున్నాడు ఇక్కడ!"

లారీ డ్రైవరు అద్దంలో ఆయన్ని చూశాడు. గుడ్డ కిందినుంచి చెయ్యి బయటికి తీసి, మెల్లగా ఊపాడు.