సిద్దమ్మ ఇంటి నీళ్ళు

కర్నూలు ఊరవతల సాంకేతిక విశ్వవిద్యాలయంలో నీటి పరీక్షల ల్యాబు. ఫ్లోరైడు మీద పరిశోధన చేస్తున్న యామిని దగ్గరికి, ఆమె ఫిల్టరు డ్రమ్ములు పెట్టిన ఊరినుంచి సిద్దమ్మ వచ్చి కూర్చుంది. యామిని కడిగిన సీసాలే మళ్ళీ కడుగుతోంది.

“ఆ సీసాలు యాడికీ పోవులే తల్లీ. పత్తికొండ అవతల నుంచి బస్సులు మారి వచ్చినా. నా దిక్కు చూడు.”

“చూస్తాండా చెప్పవ్వా. రమ్యశ్రీకి ఎట్లుండాది?”

“ఏం చెప్పమంటావు. గోడ పట్టుకోకుండా లేయలేదు. నీకు చూపిచ్చినప్పుడు మోకాళ్ళు కొంచెం వంకర, అంతే. ఇప్పుడు రెండు కాళ్ళూ బయటికి తిరుక్కున్యాయి. బడిలో దొడ్డికాళ్ళదానా అని పిలుస్తాండారంట. మనవరాలు కదా, కడుపు తరుక్కుపోతాది.”

“డాక్టరుకు చూపిచ్చినారా?”

“ఈ పొద్దే. నా కోడలు పాపను ఎత్తుకోని ఇంకా ఆసుపత్రిలోనే ఉండాది. డాక్టరు ఏమన్యాడో తెల్సునా? నీళ్ళు మార్చండి అన్యాడు.”

“ఊఁ.”

“ఊఁ అంటావేంది? నాకు నవ్వొచ్చె. సామీ, మేము మామూలు నీళ్ళు తాగేటోళ్ళం కాదు, యూనివర్సిటీ నీళ్ళు తాగేటోళ్ళం అంటి. యామిని మేడం మా ఇంట్లో డ్రమ్ము పెట్టి ఏడాదాయ అంటి. అట్లయితే ఎముకలు ఇంకా ఎందుకు వంగుతాండాయో ఆ మేడంనే అడుగుపో అన్యాడు. అడిగేదానికే వచ్చినా.”

“అవ్వా, అది... కొంతమందికి ఒంట్లోకి ఫ్లోరైడు ముందే ఎక్కింటాది. దిగాలంటే శానా కాలం పడతాది.”

“దిగుతాది గదా కానీ?”

“ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటాది.”

“దిగుతాదా, దిగదా?”

“పొద్దున ఎప్పుడు బయల్దేరితివో ఏమో. ఏమన్నా తింటివా?”

“మాట మార్చొద్దు. నేను తినేది కాదు, నీకే శెనక్కాయ బుడ్డలు ఉడకేసి తెచ్చినా. నెలనెలా నువ్వడిగే ఉచ్చ సీసాలు గూడా తెచ్చినా, మా వీధివి, పైవీధివి, అన్నీ ఈ సంచిలోనే ఉండాయి.”

“అయ్యో, నువ్వెందుకు మోసుకోనొస్తివి? వచ్చే వారం నేనే వచ్చేదాన్ని కదా.”

“వచ్చే వారం దాకా పాప కాళ్ళు కాచుకుంటాయా?”

“యామినీ! పత్తికొండ సీసాలు వచ్చినాయా?”

“వచ్చినాయి ధనుంజయ సార్. ఈమె సిద్దమ్మ, మన డ్రమ్ములు పెట్టిన ఊరే. అవ్వా, మా పెద్దసారు. నాకు పరిశోధన నేర్పేది ఈయనే.”

“నమస్కారం సామీ.”

“కూర్చోమ్మా, కూర్చో. యామినీ, నువ్వు ఇట్లా పక్కకు రా. పోయిన నెల ఫలితాలు చూసినావా? మందేసిన డ్రమ్ముల కింద పట్టిన నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఫ్లోరైడు దిగిపోయింది. మనుషుల ఒంట్లో మాత్రం దిగలేదు. రెండు రకాల ఇళ్ళకూ తేడానే లేదు!”

“మెల్లిగా సార్.”

“మెల్లిగా ఏంది? ఆ డ్రమ్ము నీళ్ళు తాగుతున్నారా, లేదా పైన పూలకుండీ పెట్టుకున్నారా? అడిగినావా?”

“ఇంటింటికీ అడిగినాను సార్. డ్రమ్ము నీళ్ళే తాగుతాండామని అందరూ చెప్పినారు.”

“అయితే మన మందు పనిచేయనట్టే. ఈ నెల కూడా ఇట్లే వస్తే మూసేద్దాం. డ్రమ్ములు వెనక్కి తెచ్చేయ్.”

“సార్, ఈమె మనవరాలి కాళ్ళు బాగా వంగిపోయినాయి. ఈమెది రెండో రకం ఇల్లు. ఈ ఒక్క ఇంటికి మార్చి ఇస్తే...”

“ఒక్క ఇల్లు మారిస్తే అంతా చెడుతుంది. నీకు జాలి ఎక్కువైతే పరిశోధన మానుకో. మందు పనిచేస్తుందని తేలితే అందరికీ ఇస్తాం. అంతదాకా ఏ ఇంట్లో ఏముందో ఎవరికీ చెప్పేది లేదు. అర్థమైందా?”

“అయింది సార్.”

“పెద్దసారు కోపంగా పోయినాడే?”

“ఆయన ఎప్పుడూ అంతేలే అవ్వా.”

“రెండో రకం ఇల్లు అంటివి. నా కండ్లే మసక, చెవులు బాగానే ఉండాయి.”

“అది మా పరిశోధనలో మాట. ఏం లేదు.”

“ఏం లేకుంటే నీ మొకం ఎందుకట్ల సున్నం కొట్టినట్లుండాది? సరే, గొంతెండి పోయింటాది, ఇంద, ఈ నీళ్ళు తాగు. మా డ్రమ్మువే. కండ్లు మూసి తెరిచేలోగా బాటిలు నిండిపాయ.”

“దప్పిక లేదవ్వా.”

“ఒక్క గుక్క.”

“ఇప్పుడే తాగినా.”

“తెల్సు.”

“ఏం తెల్సు?”

“నువ్వు తాగవని. ఏడాది నుంచి చూస్తానే ఉండా. మా గడపలో కూర్చుంటావు. పాపను ఒళ్ళో పెట్టుకుంటావు. చెంబు ఇస్తే మాత్రం దప్పిక లేదంటావు. పైవీధికి పోయి శ్రీనివాసులోళ్ళ ఇంట్లో చెంబెడు తాగుతావు. నా కోడలు ఒకసారి ఏడ్చింది. నేనే సర్ది చెప్తి, షావుకార్ల ఇంటి పిల్ల, ఎంత చదువుకున్యా పుట్టిన అలవాటు యాడికి పోతాదిలే అని.”

“కులం కాదవ్వా! అమ్మతోడు, కులం కాదు!”

“అట్లయితే తాగు.”

“అవ్వా...”

“కులం కాకుంటే నా ముందర తాగు. నేనూ నమ్ముతా.”

“తాగలేను.”

“ఎందుకు?”

“ఆ నీళ్ళు మీ బోరు నీళ్ళే. ఏం మారలేదు. మీ డ్రమ్ములో మందు లేదు, ఉత్త ఇసక.”

“ఏంది నువ్వనేది?”

“కొన్ని ఇళ్ళకు మందు డ్రమ్ము, కొన్ని ఇళ్ళకు ఇసక డ్రమ్ము. పైకి రెండూ ఒకే తీరు. మందు పనిచేస్తాదా లేదా తెలియాలంటే మందు లేని ఇల్లు గూడా ఉండాల అవ్వా, పోల్చి చూసేదానికి. పరిశోధన అంటే అట్లే చేస్తారు. ఎవరికి ఏదో మేము ఎంచలేదు. చీటీలేసి తీసినాం. మీ ఇంటికి అది వచ్చె.”

“చీటీలేసి.”

“ఊఁ.”

“నా మనవరాలి కాళ్ళకు చీటీలేస్తిరా తల్లీ.”

“అట్లనొద్దవ్వా.”

“ఎట్లనాల? పాపకు ముందు మినరల్ వాటర్ ప్లాంటు నీళ్ళు కొని తాపుతాంటిమి. కూలి డబ్బుల్లో తీసి కొంటాంటిమి. నీ డ్రమ్ము వచ్చినాకనే గదా మాన్పిచ్చింది. నీకు గూడా చెప్తి. మంచిపని అవ్వా అంటివా లేదా?”

“నేనేం మాట్లాడలేదు. ఊరికే తల ఊపినా.”

“ఊపితివి. నీ ఒళ్ళు చెడకుండా మా చెంబు ముట్టకుండా ఉంటివి. మా పాప తాగుతాంటే పక్కన కూర్చోని చూస్తివి.”

“చెప్పకూడదని సంతకం తీసుకున్యారవ్వా. చెప్పింటే నా చదువు పోయేది. ప్రతిసారీ నోటిదాకా వచ్చేది.”

“నోటిదాకా వచ్చి ఆగిపాయ.”

“ఇంక ఆగదు. సార్ ఏమన్నా అననీ, నా చదువు పోతే పోనీ. ఈ పొద్దే నీతో పాటు వస్తా, మందు డ్రమ్ము నేనే బిగిస్తా. మీ ఇల్లు మాదిరి ఇసక డ్రమ్ములు ఊర్లో ఇంకొన్నే ఉండాయి, అన్నీ మారుస్తా. మిగతా ఇళ్ళకు భయం లేదు, వాళ్ళవి మంచి నీళ్ళే.”

“ఇసకైతే నీళ్ళు జోరుగా దిగుతాయా?”

“ఆఁ. మందు ఉంటే నిదానంగా బొట్టు బొట్టు దిగుతాయి. ఎందుకడుగుతాండావు?”

“శ్రీనివాసులోళ్ళ డ్రమ్ము అట్లే కారుతాది. బిందె నిండేలోగా పొయ్యి మీద సంగటి మాడిపోతాదని వాళ్ళావిడ తిట్టుకుంటాది. మాది జోరు గదా. యూనివర్సిటీవాళ్ళు అసలు మందంతా సిద్దమ్మ డ్రమ్ములోనే పోసినారని ఊరంతా అనుకుంటాండారు.”

“అనుకుంటే?”

“మా ఇంటికే వస్తాండారు.”

“ఎవరు?”

“అందరూ. శ్రీనివాసులోళ్ళు, పెద్ద ఈరన్నోళ్ళు, ఆ వెనక ఇళ్ళోళ్ళు. ప్లాంటు నీళ్ళు కొనేటోళ్ళు గూడా మానుకోని వస్తాండారు. పైవీధిలో నువ్వు తాగిన చెంబులో ఉండేది గూడా మా ఇంటి నీళ్ళే.”

“డ్రమ్ము నీళ్ళే తాగుతాండామని నాతో చెప్పిరి కదవ్వా!”

“అబద్ధం యాడుండాది? డ్రమ్మువే తాగుతాండారు. ఎవురి డ్రమ్మని నువ్వు అడిగింటివా? వాళ్ళ డ్రమ్ము వాడటం లేదంటే ఎత్తుకోని పోతావని వాళ్ళూ చెప్పలేదు.”

“అందుకే తేడా రాలేదు... మందు పనిచేస్తాండాది. ఆ నీళ్ళే ఎవరూ తాగడం లేదు... అవ్వా, అంగనవాడి? అంగనవాడికి మంచి డ్రమ్మే పెట్టినా కదా? ఆ పిల్లోళ్ళకు...”

“ఆయమ్మ పొద్దున్నే మా ఇంటికే వచ్చి బిందెలు నింపుకోని పోతాది.”

“దేవుడా.”

“ఏడవొద్దు. నువ్వు ఏడ్చేది తర్వాత, నా మాట విను. మా అత్త కాలం నుంచి పైవీధోళ్ళు మా గడపలో గుక్కెడు నీళ్ళు ముట్టినోళ్ళు కాదు. నీ డ్రమ్ము వచ్చినాక వాళ్ళే బిందెలు తెచ్చుకోని మా వాకిట్లో వరసగా నిలబడిరి. అక్కా అని పిలిచిరి. నేను నా చేత్తో పోస్తి. దప్పికన్నోళ్ళకు లేదనకూడదని ఒక్కరినీ కాదనలేదు. ఇప్పుడు ఊరికి పోయి, మా ఇంటి నీళ్ళు ముట్టొద్దని నా నోటితో నేనే చెప్పాల్నా తల్లీ?”