అసిరమ్మ బానలో తిమిరి

అసిరమ్మని ఒకర్తి ఉండీది మా రేవులో. మొగుడు నేడు, ఒంటి మనిసి. పెద్దవల తాడు లాగి, దాని పాలుకొచ్చిన సేపలు అది తెచ్చుకునీది. నోరంటావా, అబ్బో, ఊరంతా దడిసీది. దాని కూతురు నూకాలు పురిటికొచ్చింది. పిల్ల పుట్టి ఆరు రోజులైనా తల్లికి పాలు పడనేదు. పసిగుంట ఏడ్సి ఏడ్సి గొంతు కూడా రావట్లేదంట. మనకాడ బాలింతకి ఏటెడతారు? పాలసొర. మీ ముసలమ్మలందరికీ తెలుసు, తలకాయలూపకండి, ఇనండి. సరే, పాలు పడాలంటే పాలసొర సేప కావాల. పడితే మాత్రం దక్కుద్దేటి? జమీందారు దివానం బంట్రోతు జోగులని ఒకడు, వల ఒడ్డెక్కడం ఆలీసం, కర్రేసుకుని దిగిపోయీవోడు. ఆడోళ్లు మంచి సేప అడుగున దాస్తారని వోడికి తెలుసు. అందుకని తట్ట పైన సూడ్డు, సరాసరి మోసేతి దాకా అడుక్కి దూర్సీవోడు. అలాగ రెండుమాట్లు అసిరమ్మ పాలసొర పట్టుకుపోనాడు. బాలింత ఉంది బాబూ అంటే, "మా అయ్యగారికీ ఆకలుంటాది" అన్నాడంట, సచ్చినోడు.

ఏడో రోజు ఏటైందంటే, అసిరమ్మ నడుం లోతు నీళ్లలో తాడట్టుకునుంది. వలకవతల ఓ సొర, బారెడుంటాది, ఇసకలోంచి దేన్నో కరిసింది. కరిసింది కరిసినట్టే కక్కీసి, ఒళ్లు మెలికలు తిరిగిపోయి, లోతుకి పారిపోనాది. కక్కింది దేన్ననుకున్నారు? తిమిరిని! టేకు సేప జాతే అనుకో. గుండ్రంగా, మెత్తగా ఉంటాది. ముల్లు నేదు, కోర నేదు, జోరుగా ఈదనూ నేదు. ఇసక కప్పుకుని కళ్లు మాత్రం బయటెట్టి పడుంటాది. ముట్టుకున్నావా, ఒంట్లోకి పిడుగే. వల్లో పడితే మనోళ్లు కర్రతో తోసీస్తారు. అసిరమ్మ అనుకుందంట, 'ఓలమ్మా, దీనికి సొరే దడిసిపోతే, ఈ జోగులెంత!'

వల ఒడ్డుకొచ్చింది. అసిరమ్మ పాలుకి ఓ పాలసొరొచ్చింది. వల మూల బతికున్న తిమిరొకటి పడుంది. పాలసొరని తడిగుడ్డలో సుట్టి ఒడిలో కట్టుకుంది. తిమిరిని తెడ్డుతో ఎత్తి, సముద్రపు నీళ్లున్న బాన్లో ఏసి, నాలుగు దోసిళ్లు ఇసకేసింది. అది దాని అలవాటు ప్రకారం అడుక్కెళ్లి ఇసక కప్పేసుకుంది. ఇంతలో జోగులు రానే వొచ్చాడు. తట్ట కెలికాడు, అన్నీ సిన్న సేపలే.

"ఏటే అసిరీ, బాన్లో ఏటి దాసినావు?"

"దాయనేదు బాబూ. తిమిరుంది, సెయ్యెట్టకు."

"ఓసి గడుసుదానా! తిమిరినెవులైనా బాన్లో ఎట్టుకుంటారేటే?"

"గంగమ్మ తోడు. ఈళ్లందరూ సాచ్చికం. ఎట్టకు బాబూ."

వద్దన్నకొద్దీ వోడికి ఆశ పెరిగిపోనాది. చొక్కా సెయ్యి పైకి మడిసి, మోసేతి దాకా దూర్సీసేడు. ఇసక తడిమేడో నేదో, "ఓర్నాయనో!" అని వోడెట్టిన కేక తెప్పల మీదోళ్లకి కూడా ఇనబడిందంట. ఎనక్కి పడి, సెయ్యి ఊపుకుంటాడు, ఏళ్లు కదల్టం నేదు. ఒడ్డంతా గొల్లుమంది. నవ్వు సూసి వోడికి పౌరుసమొచ్చి, "ఏదో సేప తోక కొట్టింది" అని ఈసారి రెండు సేతులూ దూర్సేడు. ఒక సేత్తో అయితే సగమే అనుకో, రెండు సేతులూ ఎడితే గుండె దాకా ఎల్లిపోద్ది గదా! తలపాగా ఎగిరిపోనాది, జోగులు ఇసకలో కూలబడ్డాడు. లేసి, కర్ర కూడా తీసుకోకండా లగెత్తినాడు. "సెప్పినాను గదా బాబూ!" అని అసిరమ్మ ఎనకనించి అరిసింది. అన్నాళ్లు దోసుకెళ్లినోడి ఎనక ఆడోళ్లందరూ సప్పట్లు కొట్టుకుంటా ఊరి సివరి దాకా ఎల్లేరంట!

అసిరమ్మ ముందు తిమిరిని తెడ్డుతో తీసుకెళ్లి, "నీ ఇంటికి నువ్వెళ్లు తల్లీ" అని నీళ్లలో ఒదిలింది. తరవాత పొయ్యెలిగించింది. మూడు పూటలు పాలసొర పులుసు తిన్నాక నూకాలికి పాలు పడ్డాయి. గుంట కడుపునిండా తాగి, తేన్సి, పడుకుంది. ఆయేళ అసిరమ్మ ఏడ్సింది సూడండి, అంత నోరున్న మనిసీ!

మరి జోగులంటారా, వొచ్చీవోడే. బారెడు దూరంలో నిలబడి, "ఏదైనా ఇస్తే ఇయ్యండమ్మా" అనీవోడు. ఇదంతా కోతలంటారేటి? అనుకోండి, నాకేటి. తిమిరి ఇంకా సముద్రంలోనే ఉంది, మీ సెయ్యి మీకాడే ఉంది.