వట్టిపోయిన బోరుల మంట

‘ఏం నానమ్మా, మన పొలంల గ్యాస్ పడితే నువ్వే అడ్డం పడ్డవంట గదా? లేకుంటే ఈపాటికి నేను షేకు మనుమరాలినయ్యి ఒంటె మీద కాలేజీకి పోతుంటి!’

ఎవరు చెప్పిండ్రే నీకు? మీ నాయినేనా? వాడప్పుడు హాస్టల్ల ఉండె, వానికేం ఎరుక. షేకట షేకు. ఒంటె మీద ఎక్కితే ఇబ్రహీంపట్నం బస్టాండు దాటకముందే కింద పడ్తవ్ నువ్వు. ఆ ఫోను జర అటు జరుపు, ముక్కుల పెడుతున్నవ్. రికార్డయితుందా? అయితే కానీ.

గ్యాస్ పడలే బిడ్డా. పడ్డదనుకున్నరు. గా రెండింటికి మస్తు ఫరక్ ఉన్నది.

పట్నంల అద్దాల బిల్డింగులు లేస్తున్న కాలం. మన దిక్కు మాత్రం వానల్లేవు. జొన్న గింజ పట్టకముందే ఎండిపోతుండె. మొగోళ్ళంత తెల్లారంగనే బస్సెక్కి హయత్‌నగర్ అడ్డా మీద కూలికి నిలబడుతుండ్రి. నేను గూడ పోయిన రెండేండ్లు, ఇటుకలు మోసిన. అప్పుడు బస్సు టికెట్టు ఎంతుండె... ఏమో, ఇప్పుడు నువ్వు చాయ్ తాగే పైసలతోని నెలంత తిరుగొచ్చు.

మా నాయినకు మేమిద్దరం బిడ్డలం. నేను, మీ చిన్న నానమ్మ అండాలు. అక్కచెల్లెండ్లం అన్నదమ్ములను చేసుకున్నం. నేను మీ తాతను, అది మీ చిన్నతాత యాదయ్యను. పసుపు కుంకుమ కింద మాకు చెరి రెండెకరాలు రాసిచ్చిండు మా నాయిన, యాచారం పోయే తొవ్వల, పక్కపక్కకే. నడుమ ఒక్క గట్టు. కాగితాలు మా పేర్ల మీదనే ఉండె. అందుకే చెప్తున్న, మొగోళ్ళు ఎంత ఎగిరినా మా వేలు పడందే పని కాదు.

మేమప్పుడు పొలం కాడనే ఉంటుంటిమి. మూడు బోర్లేసిండు మీ తాత. ఒక్కదాంట్ల గూడ చెంబెడు నీళ్ళు రాలే. కింద అంత బండ, ఉత్త దుమ్ము లేసింది. ఆఖరి బోరు ఇంటెనుక వేసిండు, గోబర్ గ్యాస్ గుంతకు నాలుగు గజాల దూరంల. మాకు మూడు బర్రెలుండె... కాదు, అప్పటికి రెండే, ఒకటి అమ్మినం. వాటి పెండ కలిపి గుంతల పోస్తే, ఆడికెళ్ళి పైపుల వంటింట్లకు గ్యాస్ వస్తుండె. నీ లెక్క సిలిండర్ కోసం ఫోన్ కొట్టుడు కాదు, రోజు చేతులతోని పిసకాలె. ఛీ అంటున్నవ్ చూడు, మొకం! గా పెండ మంట మీదనే మీ నాయినకు బువ్వ వండిన.

ఒకనాడు మీ తాత బోరు పక్కన కూసోని బీడీ ముట్టిచ్చుకోని, పుల్లను ఆర్పకుండ పైపుల వేసిండు. భగ్గుమన్నది! నీలం మంట, మోకాలెత్తు. సగం మీసం కాలింది. నవ్వకు, పాపం మస్తు బెదిరిండు.

పొద్దుగూకేసరికి ఊరంత వచ్చింది. ఒకామె పైపుకు పసుపు రాసింది, ఒకామె కొబ్బరికాయ కొట్టింది. గోదావరి దిక్కు గిట్లనే గ్యాస్ పడ్డదట, ఊర్లకు ఊర్లే బాగుపడ్డయట, ఇంటికో నౌకరట. యాదయ్య అయితే జీపు ఏ రంగుది కొనాల్నో గూడ చెప్పిండు. ఇగ అడ్డా మీద నిలబడే పని లేదు అన్నడు. గా మాటకు మాత్రం నాకు గూడ పానం లేచొచ్చింది, అబద్ధమెందుకు.

వారం తిరగకముందే ఒకాయన దిగిండు, నల్లద్దాలు పెట్టుకోని. ఇద్దరు టోపీలోళ్ళను ఎంట తెచ్చిండు. గ్యాస్ కంపెనీ అన్నరు. పైపుల తాడు ఇడిసిండ్రు, ఏదో రాసుకున్నరు. ‘అమ్మా, పైన భూమి మీదే, కింద ఉన్నది మాత్రం కంపెనీది. సంతకం పెట్టుండ్రి, మిషన్ దింపుతం’ అన్నడు. నేనన్న, ‘కింద మీది అయితే మా చెట్ల వేర్లు ఎవరియి సారు?’ అని. ఆయన నవ్విండు. యాదయ్య నవ్వలే. ‘వదినా, పెండ పిసికేదానివి, కంపెనీ ముచ్చట్లు నీకెందుకు?’ అన్నడు అందరి ముంగట.

గా మాట ఈడ కుచ్చుకున్నది చూడు, ఈడ.

హయత్‌నగర్ల నా ఎంట ఇటుకలు మోసే ఒక ఆంధ్రామె ఉండె. గోదావరి దిక్కుదే. అడిగిన, మీ ఊర్ల గ్యాస్ పడ్డదా అని. పడ్డదన్నది. రోడ్డు మంచిగయింది, లారీలు పెట్టినోళ్ళు మేడలు కట్టిండ్రు, నేను మాత్రం కట్టెల పొయ్యి మీదనే వండిన అన్నది. మరి గ్యాస్ పడ్డ ఊరినిడిసి గింత దూరం ఇటుకలు మొయ్యనీకి ఎందుకొచ్చినవే అంటే, తట్ట నెత్తి మీద పెట్టుకోని పోయింది.

అప్పటిసంది నాకు అనుమానమే. ఇంకో సంగతి, ఆ మంట నాకు ఎరుకైన మంట. రోజు నా పొయ్యిల చూస్తున్న గదా! అదే నీలం, అదే వాసన. గుంత గోడ ఏడనో పలిగి, మా గ్యాసే బోరులకు పోతున్నదా అనుకున్న. ఎట్ల తెలుస్తది? గుంతల పెండ పోసుడు బంద్ చేసిన. పోసినట్టే చేసి, పెండంత పిడుకలు కొట్టి ఎనుకకు ఎండబెట్టిన. గుంతల మిగిలిన గ్యాస్ ఒడవాలె గదా, పొద్దుమాపు పొయ్యి మీద నీళ్ళు కాగబెట్టిన. ‘ఎండకాలంల ఉడుకు నీళ్ళేందే, నన్నేమన్న కోడిననుకున్నవా, ఈకలు పీకుతవా?’ అంటుండె మీ తాత. ఒళ్ళు నొప్పులు పోతయి అన్న. పాపం, చెమట కారుకుంట పోసుకున్నడు.

మిషన్ దిగేదాక మంట ముట్టియ్యొద్దన్నరు టోపీలోళ్ళు, అయినా రోజు పొద్దుగాల ఎవరు లేవకముందు పుల్ల గీసి పైపుల వేస్తుంటి. పదిదినాలకు మంట జానెడయింది. పదిహేను దినాలకు పుల్ల పోయి పైపుల ఆరిపోయింది. తెలిసిపోయింది నాకు.

అప్పుడే చెప్పొచ్చు గదా అంటవ్. ఆగు, చెప్తున్న.

సంతకాల దినం అందరొచ్చిండ్రు, టెంటు గూడ వేసిండ్రు. ‘ఏదీ, మంట చూపియ్యుండ్రి సారు’ అన్న నేను. అద్దాలాయన పుల్ల గీసి వేసిండు. లేదు. కాగితం అంటిచ్చి వేసిండు. లేదు. యాదయ్య మొకం తెల్లబడ్డది. అప్పుడు లేచి నిలబడ్డ. ‘అది మా బర్రెల పెండరా అయ్యా! మీ కంపెనీకి బర్రెలు కావాల్నా?’ అన్న. టెంటు కింద ఒకటే నవ్వు. ఒగాయన నేల మీద పడి నవ్విండు.

నేనేమనుకున్న, ఆ అద్దాలోడు సిగ్గుపడి జీపెక్కి పోతడనుకున్న. పోలే. వాడు గూడ నవ్విండు. నవ్వి, గా కాగితమే మీ తాత ముంగట పెట్టి, ‘పెండదైనా ఫికర్ లేదు పెద్దాయనా, అమ్మతోని ఇయ్యాల వేలు పెట్టియ్యి. అడ్వాన్సు ఇప్పుడే ఇస్త’ అన్నడు.

చూసినవా? గ్యాస్ లేదని ఊరంత నవ్వినంక గూడ వానికి కాగితం కావాలె! అంటే వానికి కింద ఉన్నది కాదు, పైన ఉన్నది కావాలె. మీ తాతకు గూడ అప్పుడు సమజయింది. కాగితం మడతపెట్టి వాని జేబుల కుక్కిండు.

అప్పుడు చూసిన అండాలు దిక్కు. తల వంచుకోని ఎడమచేతి బొటనేలు కొంగుకు రుద్దుతున్నది. నీలం మరక. నేను కొర్రీలు పెడతనని రెండు దినాల కిందనే ఇబ్రహీంపట్నం తోలకపోయి వేలు పెట్టిచ్చిండు యాదయ్య.

గ్యాస్ కాగితం కాదది, అమ్మిన కాగితం. వానకాలం యాదయ్య నాగలి కట్టేలోపల గట్టు తీసేసి, వాళ్ళ రెండెకరాలల్ల సున్నమేసిన రాళ్ళు వరుసగ పాతిండ్రు. ప్లాట్లు. అడ్వాన్సు తప్ప ఏం రాలే. మళ్ళ హయత్‌నగర్ అడ్డా. యాదయ్య ఆడనే ముసలోడయి పోయిండు.

నిజంగ గ్యాస్ పడుంటే బాగుపడుతుంటిమా? ఏమో. రోడ్డు వస్తుండె కావచ్చు. నాకు మాత్రం, మన మంచికోసం తవ్వుతమని ఎవరన్న జీపు దిగితే, ముందుగాల చేతుల కాగితం చూడబుద్ధయితది. ఇప్పటికి గట్లనే.

ఏం చూస్తున్నవ్ గట్ల? అవ్. లెక్క నీకు గూడ అందింది. పదిహేనో దినం నాకు తెలిసింది. ఆ ఎనుక మూడు దినాలకు టెంటు. నాకు తెలిసిన తెల్లారే అండాలు వేలు పెట్టింది.

గట్టు దాటితే చెల్లె ఇల్లు. ‘అండాలూ, అది పెండ గ్యాసే’ అంటే అయిపోతుండె. అనలే. పదిమందిల యాదయ్యను నవ్వులపాలు చేద్దామని దాసిపెట్టుకున్న. పెండ పిసికేదాన్నన్నడు గదా. అండాలు ఇప్పటికి అనుకుంటది, అక్కకు గూడ ఆ టెంటు కిందనే తెలిసిందని. ‘మా అక్క తెలివిగల్లది, టక్కున పట్టేసింది’ అని కోడండ్లకు చెప్తది.

మీ తాతకు గూడ చెప్పలే నేను. నీకే...

బంద్ చెయ్యలేదా ఇంకా? నీ నోట్ల నువ్వుగింజ నానదు. సాయంత్రంకల్లా అండాలు ఇంట్ల చెప్పి వస్తవ్, నాకెరుక. వద్దు, నువ్వు చెప్తే బాగుండది. నేనే చెప్పాలె. తిడితే తిట్టని. చెయ్యియ్యి, లేపు జర... మోకాళ్ళు... ఆఁ. నువ్వు గూడ రా, కానీ బయట అరుగు మీద కూసో, నడుమ నవ్వకు. సల్లగుండు బిడ్డా, నూరేండ్లు. నా చెప్పులేవే...