మిగలని గుడ్డ

కటింగ్ మాస్టరు టీ కొట్టు బల్ల మీద కూర్చుంటే లేవడు, నోరు తెరిస్తే మూయడు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు, అతని మేనకోడలికి అందరికంటే బాగా తెలుసు. అందుకే దర్జీ కొట్టు తలుపు మూసి ఉండటం, మావయ్య ఎదురుగా టీ కొట్టులో కాళ్లు ఊపుకుంటూ కూర్చోవడం చూసేసరికి ఆ పిల్ల రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చింది.

"మావయ్యా, నా కోటు?"

"అయిపోయింది తల్లీ, ఎప్పుడో అయిపోయింది. కూర్చో, టీ తాగు."

"టీ వద్దు. బస్సు వచ్చేస్తుంది."

"బస్సుదేముంది, ఒకటి పోతే ఇంకోటి."

కోటు సంచిలో ఉంది. సంచి మావయ్య తొడ కింద ఉంది. అడిగిన కొద్దీ అతను దాని మీద మరింత బరువుగా సర్దుకుంటున్నాడు.

ఆ పూట ఆమె వెళ్లాల్సింది పెద్దావిడ దగ్గరికి. ఆవిడ ఏది కత్తిరిస్తే మర్నాడు లోకం అదే తొడుక్కుంటుందని పేరు. పనిలో చేరాలనుకునే వాళ్లు తమ ఊహతో తయారైన బట్ట ఒంటి మీద వేసుకుని రావాలి, చూసి నచ్చితేనే మాట్లాడుతుంది. కోటు బొమ్మ మేనకోడలు గీసుకుంది. ఇటుక రంగు గుడ్డ మీద నల్ల దారంతో సన్న గీతలు తనే చేత్తో కుట్టుకుంది, కళ్లు లాగేదాకా కుట్టుకుంది. కోయడం మాత్రం మావయ్యకే ఇచ్చింది. మాటల సంగతి ఎలా ఉన్నా, కత్తెర పడితే అంతటివాడు చుట్టుపక్కల లేడు. ఎందుకైనా మంచిదని గుడ్డ కూడా కాస్త ఎక్కువే ఇచ్చింది. "సరిగ్గా సరిపోయింది తల్లీ, పీలిక కూడా మిగల్లేదు" అన్నాడాయన, లోకంలో దర్జీలందరూ అనేదే.

"ఇంతకీ పెద్దావిడ దగ్గరికేగా నువ్వు వెళ్లేది?" అన్నాడు మావయ్య, టీ కొట్టాయన వైపూ ఇస్త్రీ కొట్టు అక్క వైపూ ఓరగా చూస్తూ. "ఆవిడ ఎవరనుకున్నావు? నా చేతి కింద నేర్చుకున్న మనిషి."

"మొదలైంది" అంది ఇస్త్రీ అక్క.

"నవ్వకు. వాన పడుతోంది, కారొకటి మన కొట్టు ముందు ఆగింది. గుండీ ఊడిందని దిగింది ఒకావిడ. కుట్టి ఇచ్చాను, అంతే, గొప్పేం లేదు. ఆవిడ గుండీ చూడలేదమ్మా, తిరగేసి లోపలి కుట్టు చూసింది! చూసి, ఉన్న పళాన స్టూలు లాక్కుని కూర్చుంది. మాస్టరుగారూ, ఇన్నాళ్లూ నేను బట్టలు కుట్టడం లేదు, చింపుతున్నాను అంది. దీపాలు పెట్టేదాకా నా పక్కనే కూర్చుని సూదిలో దారం ఎక్కించడం నేర్చుకుంది."

"మరి ఆ రోజు నేను కొట్టు తెరవలేదా?" అన్నాడు టీ కొట్టాయన.

"తెరిచావు. నీ టీ తాగే ఆవిడ పారిపోయింది."

మేనకోడలు లేచి రోడ్డు చివరిదాకా చూసి వచ్చింది. కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. "మావయ్యా, నీ శిష్యురాలేగా, ఒక ఫోన్ కొట్టు. మా పిల్ల కాస్త ఆలస్యంగా వస్తుందని చెప్పు."

"గురువు శిష్యులకి ఫోన్ చేస్తే ఏం బావుంటుంది? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడ వెళ్లి ఊరుకుందా, మేడలు కట్టే మహానుభావుడికి చెప్పింది. అదే, మబ్బుల్లోకి పోయే అద్దాల మేడ కట్టినాయన. పరుగెత్తుకుంటూ వచ్చాడు. మాస్టరుగారూ, మేడ నిలబడటం లేదు, పక్కకి లాగేస్తోంది అన్నాడు. వెళ్లి చూద్దును కదా, చంకలో పట్టేస్తోంది! మెడలో టేపు తీసి మేడ నడుం చుట్టూ తిప్పాను. నడుం దగ్గర ఒక టక్కు పట్టమన్నాను. ఇవాళ జనం తలెత్తి, అబ్బ, ఏం ఒంపు తిరిగిందిరా అంటారే, ఆ ఒంపు నాదే. లోపల కుట్టులో మడత కూడా వదిలించాను, రేపు ఊరు ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చని."

"టేపు సరిపోయిందా మాస్టరూ?" అంది ఇస్త్రీ అక్క.

"చాలకపోతే నీ ఇస్త్రీపెట్టె వైరు కట్టుకున్నాను. ఇంకా వినండి. పై అంతస్తులో బొమ్మలేసే ఆయన కూర్చుని ఏడుస్తున్నాడు. ఆయన బొమ్మ ముందు నిలబడితే రాళ్లు కూడా కరుగుతాయంటారే, ఆయనే! ఆకాశం గీస్తున్నాను మాస్టరూ, అంచు కుదరటం లేదన్నాడు. కిటికీలోంచి చూశాను. తప్పు ఆయనది కాదు పాపం, ఆకాశానికే అంచు పోగులు పోతోంది! సూది తీశాను, కిటికీ ఎక్కాను, ఈ కొస నుంచి ఆ కొస దాకా మడిచి కుట్టేశాను. అంతకు ముందు పొద్దు గుంకడం చూశారా మీరు? ఎక్కడ పడితే అక్కడ గుంకేది!"

టీ కొట్టాయన నవ్వి నవ్వి పాలు పొంగించుకున్నాడు. మేనకోడలికి నవ్వు రాలేదు. ఇంత ఎండలో మావయ్య పాత కోటు మెడదాకా గుండీలు పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. చూపు రోడ్డు మీదికీ సంచి మీదికీ పోతోంది, ఆమె ముఖం మీదికి మాత్రం రావడం లేదు.

"ఇప్పుడు ఆ ముగ్గురూ కలిసి ఒక మాట అన్నారు" అన్నాడు, గొంతు కాస్త తగ్గించి. "కుడి చేతికి కుడి చెయ్యే కుట్టడం పాతబడిపోయింది మాస్టరూ అని. ఈ ఏడు లోకమంతా..."

మేనకోడలు సంచి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కోటు తీసి తొడుక్కుంది. ఎడమ చెయ్యి నీళ్లలో చేపలా జారింది. కుడి చెయ్యి సగం దూరి బిగిసింది, మోచేతి వంపు వెనక్కి తిరిగి, అరచెయ్యి వీధి వైపు చూసింది.

"రెండూ ఎడమవే" అంది నెమ్మదిగా. "గుడ్డ మడత పెట్టకుండా పరిచావు. చేతి కాగితం అచ్చు తిరగేయకుండా రెండోసారి కోశావు. అవునా?"

"అదే కదా ఫ్యాషను..."

"మావయ్యా!" ఏడుపు వచ్చేసింది, దాచుకోలేదు. "మళ్లీ కోయి."

"ఎక్కడిది తల్లీ? పీలిక కూడా మిగల్లేదని చెప్పలేదూ?"

ఇస్త్రీ అక్కకి ఒళ్లు మండింది. "పిల్లని ఏడిపించి ఇంకా ఫ్యాషనంటావేం? ఆ పెద్దావిడ నిన్ను ఎరుగుననడానికి ఒక్క సాక్ష్యం చూపించు, ఇవాళ్టి నుంచి నీ బట్టలన్నీ ఊరికే ఇస్త్రీ చేస్తాను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మావయ్య దేన్నైనా ఓర్చుకుంటాడు కానీ సాక్ష్యం అడిగితే ఓర్చుకోలేడు. ఒళ్లు తెలియకుండా లేచాడు. "సాక్ష్యమా? పెద్దావిడ తన చేత్తో కుట్టి, నా గురువుకి అని పంపించింది, చూసుకో!" అని పాత కోటు గుండీలు పటపటా విప్పి రెండు వైపులా తెరిచాడు.

లోపల నవనవలాడే వెయిస్టుకోటు. ఇటుక రంగు. దాని మీద నల్ల దారంతో సన్న గీతలు.

టీ కొట్టాయన మావయ్యని చూశాడు, పిల్ల కోటుని చూశాడు. మావయ్య కూడా కిందికి చూసుకున్నాడు. అప్పుడు గానీ తను ఏం తెరిచాడో తెలియలేదు.

"బాగా కుట్టింది పెద్దావిడ" అంది మేనకోడలు కళ్లు తుడుచుకుంటూ. "గీతలు మాత్రం నావి. విప్పు."

"ఇక్కడా?"

"ఇక్కడే. నా కుడి చెయ్యి నీ పొట్ట మీద ఉంది మావయ్యా. ఈ బస్సు పోయినా ఇంకో బస్సు వచ్చేలోగా నాది నాకు కావాలి."

దర్జీ కొట్టు తలుపు తెరుచుకుంది. మావయ్య ఏదో అనబోయాడు. ఆ పిల్ల గుండుసూదులు తీసి అతని పెదాల మధ్య పెట్టింది. ఇక మాట లేదు. కుట్లు విప్పాడు, ముక్కలు పరిచాడు, ఈసారి అచ్చు తిరగేసి పెట్టి, ఆమె కళ్లలోకి చూసి, తల ఊపాక కోశాడు. మెషిను మీద వంగితే ఇందాకటి మనిషే కాదు. ముక్కలు చిన్నవి కావడంతో మోచేతి దగ్గర అతుకు పడింది. వెయిస్టుకోటు జేబొకటి ముంజేతి మీదికి వచ్చి కూర్చుంది. విప్పడానికి వ్యవధి లేదు.

తొడుక్కుంటే చెయ్యి హాయిగా జారింది. జేబులో బస్సు చిల్లర వేసుకుని చూసింది, చేతికి అందుతోంది, చూడ్డానికీ బావుంది. చాలాసేపటి తర్వాత ఆమె ముఖం తేటపడింది.

బస్సు హారను వినిపించింది. ఆమె పరుగెత్తింది. మావయ్య గుండుసూదులు ఉమ్మేసి వెంటపడ్డాడు. "అమ్మడూ! ముంజేతి మీద జేబు! ఇలాంటిది లోకంలో ఎవడూ పెట్టలేదు! పెద్దావిడ తప్పకుండా అడుగుతుంది, ఈ ఆలోచన ఎవరిదీ అని. ఏం చెప్తావు?"

ఆమె మెట్టెక్కి, కొత్త చేత్తో కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"నీదే అని చెప్తాను మావయ్యా. దొరికిపోయాక వచ్చిందని కూడా చెప్తాను."