తొట్టెల్ల పెట్టిన ఫోను

హలో… అన్నా? ఆ, నేనే, శృతిని.

… మెల్లగ ఏం లేదు, నా గొంతే గింత. అందరు లోపట ఉన్నరు. నేను వదినోళ్ళ పెరట్లకొచ్చి మాట్లాడుతున్న.

బయల్దేరినవా?… ఇంకా కరెంటు ప్లాంటులనే ఉన్నవా! అన్నా, ఇయ్యాల నీ బిడ్డ తొట్టెల పండుగ!

… తెల్సు, బాయిలర్ ముట్టించిండ్రు. నడిమిట్ల ఇడిచిపెట్టి రారాదు… ముందు చమురు మంటనా? మంచిగ కాగినంక బొగ్గా? అవ్వ పొయ్యి లెక్కనే ఉంది గద! దానిక్కూడ ఇయ్యాలే పండుగ రావాల్నా?

నవ్వకు. ఈడ వదినోళ్ళ ఊరు ముదగల్‌ల పొద్దుగాల్నుంచి కరెంటే లేదు. వదిన పాపకు చాటతోని ఇసురుతుంది. కరెంటు తయారుజేసెటోని బిడ్డకు చాట గాలా అని వదినోళ్ళమ్మ ఒకటే నవ్వుడు.

… అంటే, నువ్వు చేసిన కరెంటు సీదా మనింటికి రాదా?… పెద్ద తీగలల్ల అందరి దాంతోని కలిసి, బళ్ళారికి, బెంగుళూరుకు, అంత దూరం పోతదా! మరి అవ్వ వచ్చినోళ్ళందరికి చెప్తుంది, మా మనవడు బటన్ నొక్కి మనింటికి పంపుతడు అని.

నువ్వు యాడ కూసున్నవ్?… అద్దాల రూమా? ఏసీ గూడనా! బొగ్గు దుమ్ము రానే రాదా? బాగుంది నీ పని.

సరె, అసలు సంగతి విను. నాకు భయమైతుంది… గుద్దులకు కాదు. పాప చెవుల 'కుర్ర్‌ర్' అనుకుంట పేరు చెప్తుంటే మేనత్త వీపు మీద ఆడోళ్ళందరు గుద్దుతరని నాకు తెల్వదా? అది కాదు. నాయిన 'హనుమమ్మ' అని చెప్పాలె అంటుండు. వాళ్ళమ్మ పేరు, మన అవ్వ పేరు. నువ్వు, వదిన 'లహరి' అంటిరి. నేను చెవుల ఏదంటే అదే ఖాయమాయె…

నువ్వే చెప్పరాదా నాయినకు?… నీకు గూడ భయమేనా! అంత పెద్ద బాయిలర్ ముట్టిస్తవ్, నాయినతోని ఒక్క మాట అనలేవా?

… నేనా! క్లాసుల హాజరు పలికితెనే సారుకు ఇనపడదు. నేను నాయినతోని ఏం—

ఉండు, ఉండు. ఎవరో… అవ్వా! నువ్వెప్పుడొచ్చినవ్?… ఏం లేదవ్వా, అన్నతోని… అంతా విన్నవా?

అన్నా, పోయినం. అవ్వ విన్నది… అవ్వా, ఫోను గుంజకు, నేను చెప్త. ఏందీ?… అన్నా, అవ్వ ఏమంటుందంటే, 'నేనింకా బతికే ఉన్న గద! నా పేరు అప్పుడే గుంజుకొని పసిదానికి పెడ్తరా? హనుమమ్మా అంటే ఇద్దర్ల ఎవరు పలకాలె?' అంటుంది.

నవ్వకు! నిజంగ కోపంగుంది. కట్టె పట్టుకొని నాయిన దగ్గరికే పోతుంది… ఆగు, తొంగి చూస్తున్న…

నాయిన తలకాయ కిందికేసిండు. అయిపాయె! ఇంక లహరే!

అబ్బ! ఫ్యాను తిరిగింది! కరెంటొచ్చింది అన్నా! అవ్వ చూడు ఎట్ల చెప్పుకుంటుందో, నా మనవడే పంపిండు అని… ఏందీ? నీ బాయిలర్ల ఇంకా బొగ్గే పడలేదా, కరెంటే మొదలుగాలేదా?… చెప్పను తీ. అవ్వను గట్లనే ఉండనీ.

పిలుస్తున్నరు. కట్ చెయ్యకు. ఫోను తొట్టెల్ల పెడ్తున్న, పాప పక్కన… వదినా, జర జరుగు… ఆ…

కుర్ర్‌ర్… లహరీ…

అయ్యొ, మెల్లగ గుద్దుండ్రమ్మా, పేరన్న చెప్పనీయుండ్రి!

కుర్ర్‌ర్… లహరీ… కుర్ర్‌ర్… లహరీ!

… అన్నా, విన్నవా?… నా గొంతే! నిజంగ నేనే అరిచిన!

… అన్నా?… ఏందా చప్పుడు? ముక్కు ఎగబీలుస్తున్నవా?

… కంట్ల బొగ్గు దుమ్ము పడ్డదా?

అద్దాల రూమన్నవ్ గద అన్నా!

… హలో?… హలో?

వదినా, కట్ చేసిండు.