ఒకటో తారీఖు తూకం

ఇరవై ఆరు కిలోలా? కాదమ్మా, మీ మెషిన్ తప్పు చూపిస్తోంది. ఇరవై మూడే. పొద్దున ఇంట్లో బ్యాగు తూచుకునే ఎయిర్‌పోర్టుకి బయల్దేరాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

నవ్వకండి. ఈ కౌంటర్ దగ్గర అందరూ ఇదే మాట అంటారని మీ మొహం చూస్తేనే తెలుస్తోంది. కానీ నేను లెక్కల టీచర్ని. పదకొండేళ్ళుగా పిల్లలకి లెక్కలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని. నాకు తీసివేత తప్పుతుందా, మీరే చెప్పండి.

ఎలా తూచానంటారా? మా స్నానాలగదిలో మనిషి ఎక్కి నిలబడే మెషిన్ ఉంది. దాని మీద ఉత్త బ్యాగు పెడితే అంకె బ్యాగు కిందే దాక్కుంటుంది. అందుకని బ్యాగు ఎత్తుకుని నేనే ఎక్కాను. నడుం పట్టేసిందనుకోండి, అది వేరే సంగతి. ఎనభై ఒకటి వచ్చింది. అందులో నా యాభై ఎనిమిది తీసేస్తే ఎంత? ఇరవై మూడు. ఇందులో మోసం ఎక్కడుంది?

పిడుగూ, ఆ పట్టీ లాగకు తల్లీ. ఆంటీ కోప్పడుతుంది.

ఇదేనండీ మా పిల్ల. రెండేళ్ళు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. అందుకని ఒళ్ళో కూచునే టికెట్టు. ఒళ్ళో కూచునేవాళ్ళకి బ్యాగు లేదని మీవాళ్ళే రాశారు. తీరా ఈ బ్యాగులో నావి రెండు జతలు, మిగతాదంతా దీనిదే. అంటే ప్రయాణం దీనిది, నేను సామాను మోసే కూలీని. కాకపోతే టికెట్టున్న కూలీని.

ఇరవై మూడు దాటితే తియ్యాల్సిందేనా? సరే, తీస్తాను. కానీ ఏం తియ్యమంటారు? ఇదిగో, జిప్పు తెరిచాను, మీరూ చూడండి. వెనకవాళ్ళు కూడా చూస్తున్నారు, చూడనివ్వండి.

ఇది దోమతెర. మేం వెళ్ళేది పన్నెండు నెలలూ ఎండా వానా రెండూ ఉండే చోటు. మా ఆయన అక్కడ రేవులో క్రేన్లు బిగించే పని మీద వెళ్ళి మూడు నెలలైంది. సముద్రం ఒడ్డున ఇల్లిచ్చారట. పది రోజులు రండి, పిల్లకి సముద్రం చూపిద్దాం అన్నారు. అంత బాగా చెప్పిన మనిషి, ఏమేం తేవాలి అని అడిగితే మాత్రం, పిల్లకో టోపీ తెచ్చెయ్యి చాలు అన్నారు. మగవాళ్ళ సర్దుడు అలాగే ఉంటుంది. టోపీ పెట్టేసి పిల్లని కూడా మరిచిపోతారు.

ఇది ఎండకి రాసే క్రీము. ఇది దోమలకి రాసేది. ఈ రెండూ రాస్తే ఒంటి మీద దద్దుర్లు లేస్తాయేమోనని, దానికి రాసేది ఇది. ఇవి వానకోట్లు, రెండు. ఒకటి తడిస్తే ఇంకొకటి. తడవడానికే కదా వానకోటు అనకండి, ఆ మాట నాకు నిన్ననే తోచింది, అప్పటికే సర్దేశాను.

ఇవి స్వెట్టర్లు. అవును, స్వెట్టర్లే. విమానంలో చలట. మా అత్తగారు చెప్పారు. ఆవిడ విమానం ఎక్కలేదు, కానీ ఎక్కినవాళ్ళందరికంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. ఇది పాటీ, అంటే పిల్ల దొడ్డికి కూచునేది. వేరే దాని మీద కూచోదు. ఈ కంచం చూడండి, కుందేలు బొమ్మ చెరిగిపోయింది, అయినా ఇందులో పెడితేనే నోరు తెరుస్తుంది. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది కదూ నా వాలకం?

ఆగండి, ఆగండి, తిండి జోలికి మాత్రం రాకండి. ఆ సంచి అలాగే ఉండనివ్వండి. బిస్కెట్లు, ఎండు పళ్ళు, జావ పొట్లాలు, అవన్నీ ఉండాలి. అక్కడ కొట్లు లేవని కాదమ్మా. కొత్తచోట పిల్ల అలవాటు లేనిది తినదు. తినకపోతే తగ్గుతుంది. ఇంక తగ్గడానికి దాని దగ్గర ఏమీ లేదు.

మీకేం తెలుసు లెండి, మీరింకా చిన్నవాళ్ళు. మా ఇంట్లో ఒకటో తారీఖు తూకమని ఒకటుంది. నెల మొదటి రోజు పొద్దున్నే, పాలు కూడా తాగకముందే, నేను పిల్లని ఎత్తుకుని ఆ మెషిన్ ఎక్కాలి. దీన్ని ఒక్కదాన్నే నిలబెడదామంటే క్షణం నిలవదు, దిగి పరిగెడుతుంది. నేను ఎక్కుతాను, అత్తగారు వంగి అంకె చదువుతారు, నేను తీసివేత చేస్తాను, ఆవిడ క్యాలెండర్ వెనకాల పెన్సిల్‌తో రాస్తారు. ఎనిమిది నెలలుగా ఒక్క నెల తప్పలేదు.

ఎనిమిది నెలల కిందట డాక్టర్ దగ్గర పది కిలోలుంది. మొన్న ఒకటో తారీఖుకి తొమ్మిది. పెరిగే పిల్ల తగ్గుతుందా ఎక్కడైనా? ప్రతి నెలా ఆవిడ ఆ అంకె రాసి, పెన్సిల్ కింద పెట్టి, నావైపు చూసేవారు. ఏమీ అనేవారు కాదు. అంటే బాగుండేది.

చెడ్డమనిషి కాదండీ, ఆ మాట చెప్పాలి. నేను బడికెళ్తే సాయంత్రం దాకా పిల్లని కళ్ళల్లో పెట్టుకు చూసుకునేది ఆవిడే. అందుకే నాకు నోరు లేదు. మొన్న తూకం రోజు మాత్రం చెప్పేశారు. పిల్ల చిక్కిపోతుంటే తల్లి ఊళ్ళోవాళ్ళ పిల్లలకి లెక్కలు చెప్పడమేమిటి అన్నారు. వచ్చే ఒకటో తారీఖుకి ఒక్క గ్రాము తగ్గినా నేను ఉద్యోగం మానెయ్యాలి. మా ఆయన్ని ఫోన్లో అడిగితే చూద్దాం అన్నారు. మా ఇంట్లో చూద్దామంటే సరేనని అర్థం.

ఉత్తరం కూడా రాసేశాను. హెడ్మాస్టర్ గారికి. ఈ చేతిసంచిలోనే ఉంది, తారీఖొక్కటే వెయ్యలేదు.

డాక్టర్ దగ్గరికా? అడిగారూ? అందరూ అదే అడుగుతారని తెలుసు. తీసుకెళ్ళలేదు. సూది వేయించాల్సిన నెల దాటిపోయింది, ప్రయాణం అయ్యాక వేయిద్దామని నెట్టుకొచ్చాను. ఎందుకంటే సూది వేసేముందు అక్కడ తూస్తారు కదా. మా అత్తగారు చూసిన చూపే డాక్టర్ కూడా చూస్తే నేను తట్టుకోలేను. పిల్ల ఆడుకుంటోంది, పరిగెడుతోంది, ఏం కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. పిరికిదాన్నే, కాదనను.

అందుకే చెప్తున్నా, తిండి తీసేది లేదు. అసలు మీ మెషినే తప్పు. నమ్మరా? అయితే ఒక పని చేద్దాం. బ్యాగు పక్కన పెట్టండి. పిల్లని దీని మీద కూచోబెడతాను. దీని బరువు నాకు కచ్చితంగా తెలుసు, తొమ్మిది. తొమ్మిది చూపిస్తే మీరు చెప్పింది వింటాను. ఒక్క క్షణమేనమ్మా, మీ పైవాళ్ళు ఎవరూ చూడట్లేదు.

రా పిడుగూ, ఇక్కడ కూచో. ఆ ఆంటీ చేతిలో చీటీ చూడు, ఎంత బాగుందో. కదలకు, కదలకు.

పన్నెండు.

చూశారా? నేను చెప్పలేదూ? సరిగ్గా మూడు కిలోలు ఎక్కువ చూపిస్తోంది. బ్యాగుకీ మూడే, పిల్లకీ మూడే. పొద్దుటినుంచీ ఎంతమంది చేత ఎన్ని సామాన్లు తీయించారో పాపం. లెక్కల టీచర్‌తో పెట్టుకోకూడదమ్మా.

పక్క కౌంటర్లోనా? పదండి, అక్కడా చూద్దాం. నాకేం భయం? లే తల్లీ, ఇంకోసారి ఆట.

ఇక్కడా పన్నెండేనా?

బ్యాగు పెట్టండి. ఇరవై ఆరు. మరి రెండు మెషిన్లూ ఒకేలాగ ఎలా చెడతాయి?

ఏమన్నారు? ఎవరు, నేనా? నేనెప్పుడు తూచుకున్నానంటే... చెప్పాగా, యాభై ఎనిమిది. ఆ మెషిన్ కొన్న రోజు. డాక్టర్ దగ్గర్నుంచి వస్తూ కొన్నాం. ముందు నేను ఒక్కదాన్నే ఎక్కాను, అత్తగారు అంకె చదివి క్యాలెండర్ మీద పైన రాసి గీత గీశారు. ఆ గీత కిందనే కదా ప్రతినెలా పిల్ల అంకె...

ఆగండి.

ఆగండమ్మా, నన్ను ఒక్క నిమిషం మాట్లాడించకండి.

తొమ్మిదికి పన్నెండు. ఇరవై మూడుకి ఇరవై ఆరు. గీత కింద అంకెలు నెలనెలా మారాయి. గీత పైన అంకె ఎనిమిది నెలలుగా అలాగే ఉంది. నేను తీసేస్తూ వచ్చింది యాభై ఎనిమిది. నేను యాభై ఎనిమిది కాదు.

యాభై ఐదు.

అంటే పిల్ల తగ్గలేదు. రెండు కిలోలు పెరిగింది. మేమందరం దాని చుట్టూ చేరి దిగాలుగా కూచున్న రోజుల్లో కూడా అది పెరుగుతూనే ఉంది.

ఏడవట్లేదండీ. సరే, ఏడుస్తున్నాను. కొంచెం ఆ కాగితం ఇవ్వండి.

జవాబు వింతగా వస్తే లెక్కలో ఇచ్చిన సంఖ్యలు ముందు సరిచూసుకోండి అని పదకొండేళ్ళుగా పిల్లల ప్రాణం తీస్తున్నాను. గౌన్లు పొట్టయితే ఒళ్ళు లేకపోయినా పొడుగు సాగుతోందనుకున్నాను. ఎత్తుకుంటే చేతులు లాగేవి, నాకే ఓపిక తగ్గిందనుకున్నాను. నా జాకెట్టు వదులైతే ఉతికి ఉతికి గుడ్డ సాగిందనుకుని పిన్నీసు పెట్టుకున్నాను. అన్నీ నాకు తెలిసే జరిగాయి, ఒక్కటీ లెక్కలోకి రాలేదు. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళం ఉన్నాం. నేను తగ్గగలనని ముగ్గురిలో ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

ఇంకో సంగతి చెప్పనా? సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. లెక్క అర్థమయ్యాక మొదట కలిగింది పిల్ల బాగుందన్న సంతోషం కాదు. ఈ క్షణమే అత్తగారికి ఫోన్ చేసి, చూశారా నా తప్పేం లేదు అనాలనిపించింది. పిల్ల మీద సంతోషం ఆ తరవాత వచ్చింది. వచ్చిందిలెండి, బాగానే వచ్చింది. కానీ రెండోది.

నన్నా? నన్నూ ఎక్కి చూసుకోమంటారా? వద్దమ్మా, వెనక ఇంతమంది ఉన్నారు. లెక్క వచ్చేసింది కదా, ఇంకెందుకు? ఆ ఉత్తరం ఇంక ఇవ్వక్కర్లేదు, నాకది చాలు.

పదండి, మీ మూడు కిలోలు తీసిస్తాను. ఇప్పుడు తిండి తీసినా బాధ లేదు. ఇదిగో, అన్నిటికంటే అడుగున, మా అత్తగారు స్వెట్టర్లలో చుట్టి పెట్టారు. మూడు డబ్బాలు, ఒక్కోటీ కిలో. పది రోజుల ప్రయాణానికి మూడు కిలోలేమిటని నేనూ అడిగాను. అక్కడున్నన్నాళ్ళూ రెట్టింపు పెట్టమన్నారు, మిగిలితే మా ఆయనకట. గింజలు వేయించి, ఆవిడ స్వయంగా దంచిన పొడి. పిల్ల ఒళ్ళు చెయ్యడానికి. పూటకి రెండు చెంచాలు పాలల్లో కలిపి తాగించాలి. మెషిన్ కొన్న వారం నుంచీ నెలకో డబ్బా చేస్తున్నారు. పాపం, ఆ దంచుడికి ఆవిడ అరచేతులు కాయలు కాశాయి.

ఇప్పుడు ఫోన్ చేసి పిల్ల పెరిగిందంటే ఏమంటారో తెలుసా? నా పొడి మహిమ అంటారు. లెక్క తప్పిందని చెప్పానా, టీచరువి, తీసివేత రాదా అంటారు. రెండిట్లో ఏది వినాలో విమానంలో తీరిగ్గా ఆలోచించుకుంటాను.

మీకొక్కటి చెప్పేస్తాను, మళ్ళీ మనం కలిసేది లేదు కదా. ఈ పొడి పిల్ల ఒక్క చెంచా మింగలేదు. నాలిక మీద పడితే ఉమ్మేసేది. డబ్బా తరగకపోతే ఆవిడ చిన్నబుచ్చుకుంటారు, పైగా తాగించట్లేదని నన్నే అంటారు. పారేద్దామంటే ఆ చేతులు గుర్తొచ్చేవి. అందుకని తలుపేసుకుని నేనే తినేదాన్ని. అది తిన్నాక అన్నం ఎక్కడ సహిస్తుంది? కడుపులో రాయిలా కూచునేది. కంచం ముందు కూచుని లేచిపోయేదాన్ని. పిల్ల బెంగతో తినట్లేదు కాబోలని వాళ్ళే సర్దిచెప్పుకునేవాళ్ళు.

ఎనిమిది డబ్బాలు తిన్నానమ్మా. బాగా ఒళ్ళు చేస్తుందట.