కురుమమ్మ బండికి ఉప్పలయ్య ఇంజన్

“మే పదిహేడు, ఆదివారం పొద్దుగాల బండి నీ ఇంటి ముందల ఉంటది కురుమక్కా. ఉండకపోతే నేను పానా పట్టుడు బంద్ చేస్త.”

ఈ మాట ఇచ్చినవాడు ఉప్పలయ్య. చిక్కడపల్లి గల్లీలో రేకుల షెడ్డు పెట్టుకున్న మెకానిక్. నమ్మినది కురుమమ్మ. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి, ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఎవరెవరి నెత్తినో కప్పు నిలబెడుతున్న మనిషి. ఆమెది పన్నెండు మంది సెంట్రింగ్ ముఠా. స్లాబు పోసే ముందు కింద పలకలు పరిచి, జాకీలు నిలబెట్టి, కాంక్రీటు గట్టిపడేదాకా బరువంతా కాసేది వాళ్లే. దున్నేవాడిదే భూమి అని గోడల మీద రాసుకున్న దేశంలో, ఇల్లు నిలబెట్టేవాళ్లకు ఇల్లు ఎటూ లేదు. ఒక బండి మాత్రం ఉంది. పద్దెనిమిదేళ్ల పాత పికప్. ఏప్రిల్ ఎండల్లో దాని ఇంజన్ చచ్చింది.

మే పదిహేడు పోయింది. ఇరవై నాలుగు పోయింది. ముప్పై ఒకటీ పోయింది. ఉప్పలయ్య పానా పట్టడం మానలేదు. జూన్ ఆరు, శనివారం సాయంత్రం, అశోక్‌నగర్‌లో సమ్మక్క టీ కొట్టు ముందు ఆ పానానే గాలిలో తిప్పుతూ కథ చెబుతున్నాడు.

కురుమమ్మ వచ్చి బెంచీ చివర కూర్చుంది. బండి ఎప్పుడొస్తుందో, ఆమెకు కావలసింది ఆ ఒక్క ముక్క. గాంధీనగర్‌లో ఐదంతస్తుల పని ఒప్పుకుంది. జూన్ పదిహేనుకల్లా పలకలు, జాకీలు అక్కడికి చేరకపోతే ఇంకో ముఠాను పిలుస్తానని బిల్డర్ ముఖం మీదే చెప్పాడు. పన్నెండు మందికి వానాకాలమంతా ఉండే పని అది. బండి చచ్చినప్పటి నుంచి చిన్న పనులకు ఆడవాళ్లు నెత్తిన పలకలు మోసుకుపోతున్నారు. ఐదంతస్తుల సామాను నెత్తిన పోదు.

చుట్టూ హాస్టల్ పిల్లలు నిలబడి ఉన్నారు. సర్కారు పరీక్షలకు చదువుతూ, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ ఏళ్లకు ఏళ్లు ఈ గల్లీల్లో గడిపేవాళ్లు. మాట ఇచ్చి తప్పడమంటే ఏమిటో వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. వాళ్లలో నల్లకుంట హాస్టల్ అమ్మాయి మనీష చేతిలో ఎప్పుడూ నోటుపుస్తకం ఉంటుంది. ఎవరు ఏం చెప్పినా రాసుకోవడం ఆమెకు అలవాటైపోయింది. పరీక్షలో ఏది వస్తుందో తెలియదు కాబట్టి అంతా రాసుకోమని వాళ్ల సార్లు చెప్పారట.

ఉప్పలయ్య నెమ్మదిగానే మొదలుపెట్టాడు. బండి షెడ్డుకు రాగానే బానెట్ మీద చెవి పెట్టి విన్నాననీ, ఇంజన్ ఇక లేవదని అప్పుడే తెలిసిపోయిందనీ చెప్పాడు. ఇందులో అబద్ధం లేదు. మంచి మెకానిక్కే. ఇదివరకు రెండుసార్లు అదే బండిని బతికించి పంపాడు. అందుకే కురుమమ్మ వేరే షెడ్డు గడప తొక్కలేదు. కొత్త ఇంజన్ దొరికే రకం కాదు గనుక, పాత సామాను అమ్మే చోట ఒక వ్యాన్ ఇంజన్ చూసి తెచ్చి ఇందులో దింపాలని ప్లాన్ వేశాడు. అక్కడిదాకా కథ నేల మీదే ఉంది.

“ఆ అడ్డాల నలభై ఇంజన్లు పడి ఉన్నయి. అన్నీ సచ్చినయే. నేను పానా తీసి ఒక్కొక్కదాన్ని టింగుమని కొట్టుకుంట పోతున్న, ముప్పై తొమ్మిది సప్పుడు చెయ్యలె, నలభయ్యోది కొట్టంగనే దగ్గింది. డీజిల్ లేదు, బ్యాటరీ లేదు, జర నన్ను తీస్కపో ఉప్పలన్నా అన్నట్టు దగ్గింది. సరే పా అని ఎడమ చేత్తో లేపిన.”

“ఎడమ చేత్తో ఎందుకన్నా?” అన్నాడు నగేష్. నాలుగేళ్లుగా గ్రూప్స్ రాస్తున్నవాడు. ప్రశ్న అడిగే తీరు మాత్రం ఇంటర్వ్యూ బోర్డు మెంబరుది.

“కుడి చేతిల చాయ్ ఉండె గదనే. చుక్క ఒలకలె.”

నవ్వులు లేచాయి. సమ్మక్క గిన్నె మీంచి తల ఎత్తకుండానే, ఆ చాయ్ గ్లాసు ఇంకా తిరిగి రాలేదని గుర్తుచేసింది. ఉప్పలయ్య దాన్ని వినలేదు. అక్కరలేనిది వినకపోవడం కోతలరాయుళ్లకు పుట్టుకతో వచ్చే విద్య.

తరువాత కొలతల సంగతి ఎత్తాడు. బండి ముందు భాగం ఖాళీ చేసి, దారానికి ముడులు వేసి, ఇంజన్ కూర్చునే జాగా కొలిచానన్నాడు. ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ మట్టి పట్టి ఉంటే, దాన్ని ముందే విప్పి కడిగించడానికి నల్లకుంటకు పంపేశానని, అందుకే చేతులకు అడ్డం లేకుండా కొలత దొరికిందని గర్వంగా చెప్పాడు. జాగా ముప్పై ఇంచులు. ఫ్యాన్‌తో కలిపి ఇంజన్ ఇరవై ఎనిమిది. అటు ఒకటి, ఇటు ఒకటి మిగులుతుంది, రాజుగారు పల్లకీలో కూర్చున్నట్టు కూర్చుంటుంది. మనీష రాసుకుంది. కురుమమ్మ గ్లాసు నోటిదాకా తీసుకుపోయి ఆగింది. కానీ కథ అప్పటికే పరుగందుకుంది.

“దింపే ముందు ఒకపారి నడిపి చూద్దామని షెడ్డుల నేలకు గొలుసులేసి కట్టిన. సెల్ఫ్ కొట్టిన. అటెన్క ఏమైందో ఎరుకేనా? గొలుసులు తెగలె, గట్టిగ కట్టిన గద. ఇంజన్ కదలలె. షెడ్డు కదిలింది. నేను లోపట ఉన్న, నాకేం తెలుస్తది, ఐదు నిమిషాలైనంక బయటికొచ్చి చూస్తే నారాయణగూడ బోర్డు కింద ఉన్న. ఒకాయన వచ్చి, ఈ షెడ్డు నిన్న ఇక్కడ లేకుండెగదా అని అడుగుతున్నడు.”

“మళ్ల ఎట్ల తెచ్చినవన్నా?”

“రివర్స్ గేర్ లేదారా? ఏసిన. షెడ్డు ఎనకకు రాబట్టింది. గుంజుడు ఎంతున్నదంటే, పైన పోతున్న మెట్రో రైలు గుడ ఎంబడి వచ్చింది. నారాయణగూడల దిగాల్సినోళ్లందరు చిక్కడపల్లిల దిగిన్రు. ఒక్కడన్న కోపం జేసిండా? మెట్లు దిగి నాకు దండం పెట్టిన్రు.”

కొట్టు ముందు జనం పెరిగారు. లైబ్రరీ నుంచి వస్తున్నవాళ్లు సైకిళ్లు ఆపారు. ఉప్పలయ్య గొంతు మెట్రో స్తంభం ఎత్తుకు లేచింది. ఇంజన్ వదిలిన గాలికి హుస్సేన్‌సాగర్‌లో పడవలన్నీ అటు ఒడ్డుకు పోయి ఆగాయన్నాడు. బషీర్‌బాగ్‌లో ఆఫీసుల కిటికీలు వాటంతట అవే తెరుచుకుని, ఎన్నేళ్లుగానో పెండింగులో ఉన్న కాగితాలు ఎగిరి నేరుగా అర్జీదారుల చేతుల్లో పడ్డాయన్నాడు. ఈ మాటకు హాస్టల్ పిల్లలు కొట్టిన చప్పట్లు కథకు కొట్టినవి కావు. అట్లాంటి గాలి ఒకటి నిజంగా లేస్తే బాగుండునని కొట్టినవి. మన రిజల్టు కాగితం కూడా ఎగిరిందా అన్నా అని నగేష్ అడిగితే, ఎగిరింది గానీ కోర్టు చెట్టుకు చిక్కుకుందని జవాబు వచ్చింది.

“ఇగ డీజిల్ ముచ్చట చెప్తే నమ్మరు,” అన్నాడు ఉప్పలయ్య, నమ్మని మొహం ఒక్కటైనా ఉందా అని చుట్టూ చూసి. “అర లీటర్ పోసి నడిపిన. ముందుకు పోతే ఖర్చయితది, ఎనకకు పోతే తిరిగొస్తది. నారాయణగూడ పొయ్యొచ్చినంక చూస్తే లీటర్ ఉన్నది.”

కురుమమ్మకు కూడా నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే, పొద్దున పలకలు మోసిన మెడ నొప్పి పెడితే చేత్తో పట్టుకుంది. ఇంత నోరున్న మనిషి, ఇంత చెయ్యి ఉన్న మనిషి, ఈ మూడు వారాలూ ఆ చేతిని పానా గాలిలో తిప్పడానికే వాడాడు. నేల మీద పడి ఉన్న ఇంజన్ అంగుళం కదలలేదు. టీ కొట్టు దగ్గర మాత్రం అది ఊరంతా తిరిగి వచ్చింది. చప్పట్లు పొద్దున్నే దొరుకుతుంటే పని సాయంత్రానికి వాయిదా పడుతుంది. ఊరేగింపులు చేసేవాళ్లకూ, కుర్చీల్లో కూర్చునేవాళ్లకూ ఉన్న రోగమే ఇది. పని చేసే చేతులకు కూడా అంటుకుంటే ఇక లోకాన్ని నడిపేది ఎవరు?

ఉప్పలయ్య అప్పటికి ఆకాశానికి చేరాడు. రాకెట్లు తయారుచేసేవాళ్లు కారు వేసుకుని షెడ్డుకు వచ్చారట. ఇంజన్ ఇస్తే చంద్రుడి మీదికి పంపుతాం, నీ పేరు దాని మీద రాస్తాం అన్నారట. వాళ్లకు కుర్చీ కూడా వెయ్యలేదట.

“ఇది కురుమక్క బండిదని చెప్పిన. చంద్రుని మీద స్లాబ్ పోసేదున్నదా అని అడిగిన. లేదన్నరు. అయితే పోండ్రి అన్న. గాంధీనగర్‌ల పోసేదున్నది. మా అక్క పలకలు మోసినంకనే చంద్రుడైనా, ఎవడైనా.”

చప్పట్లు మారుమోగాయి. అందరూ బెంచీ చివరకు తిరిగి కురుమమ్మను చూశారు. ఉప్పలయ్య ఆమె వైపు చెయ్యి చాపి, రేపు పొద్దున ఇంజన్ కూర్చునే పట్టీలు ఛాసిస్‌కు వెల్డింగ్ చేసేస్తానని, పట్టీలు అతికాక బ్రహ్మదేవుడు దిగివచ్చినా కదలవని ప్రకటించాడు.

కురుమమ్మ గ్లాసు కింద పెట్టింది.

“తమ్మీ, నువ్వు కొలిచిన్నాడు రేడియేటర్ బండ్ల ఉన్నదా?”

“లేదక్కా, చెప్పిన గద. నల్లకుంటకు—”

“ఇప్పుడు?”

“ఇంకా ఆడనే ఉన్నది.”

“మేం బీము పోసేటందుకు పలకల డబ్బా కడితే, ఉత్త జాగ ఎన్నడు కొలువం. పలకలు నిలవెట్టినంక లోపట కొలుస్తం. తొమ్మిదించులంటే లోపట తొమ్మిది ఉండాలె. బయట కొలిస్తే పలక మందం ఎవడిస్తడు? నీ ఇంజన్ కూసున్నంక రేడియేటర్‌ను ఏడ కూసోబెడతవు, నీ ఒళ్లో?”

ఉప్పలయ్య పానా దించాడు. మనీష నోటుపుస్తకం రెండు పేజీలు వెనక్కి తిప్పి, జాగా ముప్పై, ఇంజన్ ఇరవై ఎనిమిది అని పైకి చదివింది. రేడియేటర్‌కు ఎంత కావాలన్నా అని అడిగింది. నాలుగు, అన్నాడు ఉప్పలయ్య, గాలి ఆడే సందుతో కలిపి. ముప్పై రెండు, అంది మనీష. చంద్రుడి నుంచి పిలుపొచ్చిన ఇంజన్, రెండించుల దగ్గర ఆగిపోయింది.

నగేష్ ఏదో అనబోయాడు. సమ్మక్క అతని చేతిలో టీ గ్లాసు పెట్టి నోరు మూయించింది.

ఉప్పలయ్య బెంచీ మీద కూర్చున్నాడు. జేబులోంచి ముడులు వేసిన దారం తీసి మోకాలి మీద పరిచాడు. రేపు వెల్డింగ్ అయిపోయి ఉంటే పట్టీలు కోయాల్సి వచ్చేది, ఛాసిస్ చెడేది, బండి ఈ వానాకాలం లేచేది కాదు. అది తెలిసినవాడు కాబట్టే మొహం పాలిపోయింది. ఇరవై ఏళ్లు పలకలు నిలబెట్టిన మనిషి ఒక్క ప్రశ్నతో, చదువుకున్న పదిహేను మంది చప్పట్ల మధ్యనుంచి, తన బండిని బయటికి లాగింది. ఏ సభలోనూ ఆమెకు దండ వెయ్యరు. ఆ కొట్టు ముందు మాత్రం పిల్లలు బెంచీ మీద జరిగి, ఆమెకు నడుమ చోటిచ్చారు.

ఉప్పలయ్య దారం ముడులు మళ్లీ లెక్కపెట్టి తల ఎత్తాడు. గొంతు మామూలు మనిషి గొంతు.

“ఇంజన్‌కున్న ఫ్యాన్ పీకేస్తే మూడించులు కలిసొస్తయక్కా. రేడియేటర్‌కు ముందల కరెంట్ ఫ్యాన్ పెట్టొచ్చు, బ్యాటరీ మీద తిరిగేది. పడతది.”

“పన్నెండు మంది, ఇనుప జాకీలు, పలకలు. ఎండల ఎక్కితే ఇంజన్ కాగదా?”

“నడిపి చూస్తే గానీ తెల్వది,” అన్నాడు. ఆ సాయంత్రం అతను చెప్పిన వాటిలో అందరూ నమ్మిన మాట అదొక్కటే.

అయితే లేచి పొమ్మంది కురుమమ్మ. రేపు పొద్దున నల్లకుంట నుంచి రేడియేటర్ రావాలి, ముందు అది పెట్టాలి, తరువాత కొలవాలి, కొలిచేటప్పుడు దారం ఒక కొస తన చేతిలో ఉండాలి. దింపినాక మా పన్నెండు మంది ఎక్కి కూర్చుంటారు, బరువు మేమిస్తాం, మెట్రో అక్కరలేదు అంది. మెషీను మీద హక్కు అంటే ఏమిటో పుస్తకాల్లో చదువుకున్నవాళ్లు ఆమె మొహం వైపు చూస్తూ ఉండిపోయారు. మనీష కొత్త పేజీ తీసి, తారీకు వెయ్యనా అక్కా అని అడిగింది.

“రాయి బిడ్డా. బండి మోస్తదా, మొయ్యదా, రెండింట్ల ఒక్కటి చెప్పాలె. మొయ్యదంటే నాకు ఇంకో బండి చూసుకునే టైము ఉండాలె. జూన్ పదకొండు, గురువారం, పొద్దుగాల ఆరు గంటలకు.”